రోమన్ కంచు నాణేలు: ఒక్కటి కొని, పూర్తిగా చదివి, ఆ తర్వాతే రెండోది

నేను కొన్న మొదటి రోమన్ నాణెం మన పాత స్టీలు పావలా బిళ్ళ కంటే కొంచెం చిన్నది. అడ్డంగా 17 మిల్లీమీటర్లు, బరువు 2.4 గ్రాములు. ఒక వైపు తలకు ఆకుల దండ కట్టుకున్న కుర్రాడి ముఖం. రెండో వైపు ఇద్దరు సైనికులు, వాళ్ళ మధ్య రెండు జెండా కర్రలు. కొన్న రోజు రాత్రి దాన్ని భూతద్దం కింద పెట్టి, అంచు చుట్టూ ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే కాగితం మీద రాసుకున్నాను. రెండు గంటలు పట్టింది. చివరికి తేలింది ఏమిటంటే, అది క్రీ.శ. 330, 335 మధ్య, ఇప్పటి టర్కీలో ఉన్న సిజికస్ అనే ఊరి టంకశాలలో, మొదటి విభాగం వాళ్ళు కొట్టిన నాణెం. ఆ కుర్రాడు కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కొడుకు, రెండో కాన్‌స్టాంటైన్. అంత చిన్న లోహపు ముక్క తన ఊరు, తన కాలం, తనను కొట్టిన విభాగం కూడా చెప్పింది.

అందుకే ఈ నాణేలు సేకరిస్తానన్న ప్రతివాళ్ళకీ నేను ఒకటే చెప్తాను. సంచులకొద్దీ కొనకండి. ఒక్కటి కొని, దాన్ని చివరి అక్షరం దాకా చదవండి. రెండోదాని సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఏ కాలం నాణేలివి

దాదాపు 294లో డయొక్లీషియన్ చక్రవర్తి రోమన్ డబ్బును సంస్కరించి, 10 గ్రాముల బరువున్న పెద్ద కంచు నాణెం తెచ్చాడు. పైన పల్చటి వెండి పూత ఉండేది. అప్పటి నుంచి, 498లో అనస్తాసియస్ చక్రవర్తి మళ్ళీ పెద్ద రాగి నాణేలు తెచ్చేదాకా, దాదాపు 200 ఏళ్ళపాటు నడిచిన వాటిని కలిపి లేట్ రోమన్ బ్రాంజ్ అంటారు. ధరలు పెరిగేకొద్దీ నాణెం చిక్కిపోతూ వచ్చింది. 10 గ్రాములది 330 నాటికి రెండున్నర గ్రాములైంది, ఇంకో ఐదారేళ్ళకి 1.7 గ్రాములకి దిగింది. అయిదో శతాబ్దానికి చొక్కా గుండీ అంత మిగిలింది.

సేకరించేవాళ్ళు వీటిని సైజును బట్టి నాలుగు రకాలుగా చెప్పుకుంటారు. 25 మిల్లీమీటర్లు దాటితే ఏఈ1, 21 నుంచి 25 దాకా ఏఈ2, 17 నుంచి 21 దాకా ఏఈ3, అంతకంటే చిన్నవి ఏఈ4. అమ్మేవాళ్ళ చీటీల మీద ఈ అక్షరాలే కనిపిస్తాయి.

1,700 ఏళ్ళ నాటి నాణెం అంటే లక్షలు పోయాలేమో అని చాలామంది భయపడతారు. అక్కర్లేదు. కాన్‌స్టాంటైన్ కుటుంబం నాటి మామూలు నాణెం, అక్షరాలు బాగా కనిపించేది, ఒక మోస్తరు హోటల్లో ఇద్దరి భోజనం ఖర్చుకు వస్తుంది. కారణం ఏమిటంటే, వీటిని లెక్కలేనన్ని కొట్టారు, జనం కుండల్లో, గుంటల్లో దాచిపెట్టి అలాగే వదిలేశారు. 2013లో ఇంగ్లండ్‌లోని డెవాన్ ప్రాంతంలో, సీటన్ డౌన్ దగ్గర ఒకే గుంటలో 22,888 నాణేలు బయటపడ్డాయి. వాటిలో అత్యధికం కాన్‌స్టాంటైన్ ఇంటివాళ్ళవే. ఇప్పుడవి ఎక్సెటర్ మ్యూజియంలో ఉన్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి

330 నుంచి 341 మధ్య వచ్చిన 'గ్లోరియా ఎక్సర్సిటస్' రకంతో మొదలుపెట్టండి. 'సైన్యానికి కీర్తి' అని దాని అర్థం. ఇద్దరు సైనికుల మధ్య రెండు జెండా కర్రలుంటే 330–335, ఒక్కటే ఉంటే 335–341. అక్షరాలు అరిగిపోయినా జెండాలు లెక్కపెట్టి కాలం చెప్పేయొచ్చు. కొత్తవాళ్ళకి ఇంత సులువుగా పట్టుబడే రకం ఇంకొకటి లేదు.

దానికి తోడుగా ఇంకో రెండు వస్తాయి. 330 మే 11న కాన్‌స్టాంటినోపుల్‌ను కొత్త రాజధానిగా ప్రారంభించారు. ఆ సందర్భంగా పాత రాజధానికీ కొత్త రాజధానికీ చెరొక నాణెం వేశారు. రోమ్ పేరు మీద వచ్చినదానిపై ఇద్దరు పసిపిల్లలకు పాలిస్తున్న ఆడ తోడేలు, పైన రెండు నక్షత్రాలు. కాన్‌స్టాంటినోపుల్ పేరు మీద వచ్చినదానిపై ఓడ ముక్కు మీద నిలబడ్డ విజయదేవత. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకున్న రోజు నాకు ఇంట్లో పండగలా అనిపించింది.

348లో వచ్చిన 'ఫెల్ టెంప్ రిపరేషియో' రకం ఆ తర్వాత చూడండి. 'మంచి రోజులు తిరిగొచ్చాయి' అని దాని మీది మాట. రోమ్ నగరానికి 1,100 ఏళ్ళు నిండిన కాలం అది. దాని మీద ఎక్కువగా కనిపించే బొమ్మ మాత్రం, గుర్రం మీద నుంచి పడిపోతున్న శత్రువును రోమన్ సైనికుడు ఈటెతో పొడుస్తున్నది. మాట ఒకలా, బొమ్మ ఇంకోలా ఉండడం చూస్తే, ఆ రోజుల్లో సరిహద్దుల్లో ఎంత టెన్షన్ ఉండేదో అర్థమవుతుంది. 361–363 మధ్య ఏలిన జూలియన్ వేసిన పెద్ద ఎద్దు బొమ్మ నాణెం అందరికీ ఇష్టం. ఖరీదు ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

దగ్గర ఉండాల్సిన వస్తువులు

కంసాలి కంటికి పెట్టుకునే లూప్ ఒకటి, పది రెట్లు పెద్దగా చూపించేది. 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు. ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్స్ (లోహానిదైతే అంచు గీసుకుపోతుంది). పక్క నుంచి వెలుతురు పడేలా వంచగలిగే టేబుల్ ల్యాంప్. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు కానీ, అరిగిన అక్షరం నేరుగా పడే వెలుతురులో కనిపించదు. దీపాన్ని పక్కకు దించి, నాణేన్ని నెమ్మదిగా తిప్పితే నీడలో లేచి కనిపిస్తుంది.

నాణెం చదవడం

నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకుని ఎత్తండి, కింద మెత్తటి గుడ్డ పరుచుకోండి. ముందు బొమ్మ వైపు చూడండి. ముఖం నిటారుగా ఉండేలా పెట్టుకుంటే, అక్షరాలు ఎడమ భుజం దగ్గర కింద నుంచి మొదలై గడియారం ముల్లులా తలచుట్టూ తిరిగి కుడి వైపు కిందకి దిగుతాయి. పదాల మధ్య ఖాళీ ఉండదు. ఇంగ్లిష్‌లో 'యు' రాసే చోట 'వి' ఉంటుంది. ఈ రెండు సంగతులు తెలియకే చాలామంది మొదటి రోజే విసిగిపోతారు.

పొడి అక్షరాలకు కొన్ని అర్థాలు గుర్తుంచుకోవాలి. మొదట్లో 'డి, ఎన్' ఉంటే 'మా ప్రభువు' అని. చివర్లో 'పి, ఎఫ్' వచ్చి పక్కన 'ఏ, వి, జి' ఉంటే 'భక్తుడు, అదృష్టవంతుడు అయిన అగస్టస్', అంటే పూర్తి చక్రవర్తి. 'ఎన్, ఓ, బి' తర్వాత 'సి' ఉంటే 'మహా గౌరవనీయుడైన సీజర్', అంటే యువరాజు. నా నాణెం మీద ఉన్నది ఇదే. దానికి ముందు 'ఐ, వి, ఎన్' ఉంది, చిన్నవాడు అని. అలా తండ్రి కాదు, కొడుకు అని తేలింది. తండ్రిదైతే 'ఎం, ఏ, ఎక్స్' ఉండేది, అంటే మహా చక్రవర్తి.

ఇక్కడే అందరూ తడబడే చోటుంది. తండ్రి పేరు కాన్‌స్టాంటైన్, కొడుకుల పేర్లు కాన్‌స్టాంటైన్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్. అక్షరాలు సగం అరిగితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక చిట్కా ఉంది. పేరు మధ్యలో రెండో 'టి' వెతకండి. దాని తర్వాత 'ఐ' వస్తుంది. ఆ 'ఐ' తర్వాత 'ఎన్' ఉంటే కాన్‌స్టాంటైన్, నేరుగా 'వి' ఉంటే కాన్‌స్టాంటియస్. రెండో 'టి' అసలు లేకపోతే కాన్‌స్టాన్స్. ఈ ఒక్క అక్షరం చూసుకోకుండా తప్పు పేరు రాసిన చీటీలు అమ్మేవాళ్ళ దగ్గర కూడా ఎన్నో చూశాను.

ఇప్పుడు బొరుసు వైపు తిప్పండి. సైనికుల కాళ్ళ కింద అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఆ గీత కింద ఉన్న నాలుగైదు అక్షరాలే టంకశాల గుర్తు. నా దృష్టిలో నాణెం మొత్తం మీద విలువైన చోటు అదే. కొనేటప్పుడు ముఖం ఎంత అందంగా ఉన్నా సరే, ఈ గీత కింద భాగం అరిగిపోతే నేను పక్కన పెట్టేస్తాను. ముఖం కొంచెం మాసినా ఇది స్పష్టంగా ఉంటే తీసుకుంటాను.

నా నాణెం మీద 'ఎస్, ఎం, కె, ఏ' అని ఉంది. 'ఎస్, ఎం' అంటే పవిత్ర ధనం, అంటే చక్రవర్తి సొమ్ము. 'కె' సిజికస్. చివరి 'ఏ' గ్రీకు అంకె ఒకటి, మొదటి విభాగం. తూర్పు టంకశాలలు విభాగాలకు గ్రీకు అక్షరాలు వాడితే, పడమటివి ఎక్కువగా లాటిన్ వాడాయి. 'పి' అంటే ప్రైమా, మొదటిది. 'ఎస్' అంటే సెకుండా, రెండోది.

ఇద్దరు సైనికులు, రెండు జెండాల రకాన్ని 13 టంకశాలలు కొట్టాయి. ఇప్పటి జర్మనీలో ట్రియర్ (టి, ఆర్), ఫ్రాన్స్‌లో లియాన్ (ఎల్, జి), ఆర్ల్. ఇటలీలో రోమ్ (ఆర్), అక్విలేయా (ఏ, క్యూ). క్రొయేషియాలో సిసియా (ఎస్, ఐ, ఎస్), గ్రీస్‌లో థెస్సలొనికా (టి, ఎస్). టర్కీలో హెరాక్లియా (హెచ్), కాన్‌స్టాంటినోపుల్, నికొమీడియా (ఎన్), సిజికస్ (కె), ఆంటియోక్ (ఏ, ఎన్). ఈజిప్టులో అలెగ్జాండ్రియా (ఏ, ఎల్). ఒకే బొమ్మను 13 ఊళ్ళ నుంచి సేకరించడం కంటే మంచి మొదటి లక్ష్యం నాకు తెలియదు. ఖర్చు తక్కువ. పూర్తయ్యేసరికి సామ్రాజ్యం పటం మొత్తం నోటికి వచ్చేస్తుంది.

ఒక ఉచ్చు ఉంది, చూసుకోండి. 'సి, ఓ, ఎన్, ఎస్' అని కనిపించగానే కాన్‌స్టాంటినోపుల్ అనుకుంటాం. కానీ 328లో ఆర్ల్ ఊరి పేరును కాన్‌స్టాంటీనా అని మార్చారు, కాబట్టి వాళ్ళూ అవే అక్షరాలు వాడారు. విభాగం అక్షరం ముందుండి, చివర 'టి' ఉంటే అది ఆర్ల్. విభాగం అక్షరం చివర ఉంటే కాన్‌స్టాంటినోపుల్.

ఇవన్నీ రాసుకున్నాక, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఉచితంగా నడుపుతున్న ఓక్రే అనే ఆన్‌లైన్ జాబితాలో చక్రవర్తి, టంకశాల, బొరుసు మీది మాటలు ఇచ్చి వెతకండి. రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే పెద్ద గ్రంథమాల నంబర్లే అందులో ఉంటాయి. 294 నుంచి 491 దాకా నాణేలు ఆ గ్రంథమాలలో 6 నుంచి 10 దాకా ఉన్న సంపుటాల్లో వస్తాయి. నంబరు దొరికిందంటే మీ నాణేనికి అడ్రసు దొరికినట్టే.

కొనేటప్పుడు

మొదటిది ఎప్పుడూ శుభ్రం చేసి, గుర్తించిన నాణేన్నే కొనండి. పేరున్న నాణేల వ్యాపారి దగ్గర, అసలుదని రాతపూర్వకంగా హామీ ఇచ్చి, తేడా వస్తే ఎప్పుడైనా వెనక్కి తీసుకునేవాళ్ళ దగ్గర. ఇది ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎప్పటి నుంచి ఉంది అని అడగండి. పాత సేకరణ చీటీ ఏదైనా ఉంటే నాణెంతో పాటు తీసుకోండి.

మట్టి కూడా వదలని నాణేలు వందల్లెక్కన గుట్టగా అమ్ముతుంటారు. నేను వాటిని కొనడం మానేశాను. అనుమతి లేకుండా తవ్వినవి వాటిలో కలుస్తాయి. తవ్విన చోటు తెలియకపోతే ఆ నాణెం చెప్పగలిగిన కథలో సగం పోయినట్టే. పైగా మంచివన్నీ ముందే ఏరేసి, మిగిలిన వాటినే మనకు పంపుతారు.

నకిలీల విషయంలో కొంత ఊరట ఉంది. మామూలు గ్లోరియా ఎక్సర్సిటస్‌ను నకిలీ చేస్తే గిట్టుబాటు కాదు కాబట్టి అవి తక్కువ. ఖరీదైనవే ప్రమాదం. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, ఉపరితలం మీద సూది మొన అంత బుడగ గుంటలు ఉంటాయి, అక్షరాల అంచులు సబ్బులా మెత్తగా కనిపిస్తాయి. అసలుదాన్ని సుత్తితో కొట్టారు కాబట్టి అక్షరాల గోడలు నిటారుగా ఉంటాయి, అంచు అక్కడక్కడ చీలి ఉంటుంది. ఎడారి ఇసుక అంటుకున్నట్టు కనిపించే లేత రంగు పూత తడి గుడ్డతో తుడిస్తే ఊడొస్తోందంటే అనుమానించండి.

ఆ కాలంలోనే జనం సొంతంగా కొట్టుకున్న అనుకరణ నాణేలు వేరే సంగతి. పడిపోతున్న గుర్రపు రౌతు బొమ్మకు ఇవి ఎక్కువ. అక్షరాలు గజిబిజి, సైనికుడు పిల్లలు గీసిన బొమ్మలా ఉంటాడు. ఇవి కూడా 4వ శతాబ్దానివే. నాకైతే ఇవంటే ప్రత్యేకమైన ఇష్టం.

శుభ్రం చేయడం, చేయకపోవడం

నా దగ్గరున్న నాణేలు చూసి మా అమ్మ "చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయి కదరా" అంది. ఇంట్లో రాగి చెంబు తోమడం చూసినవాళ్ళెవరికైనా అదే తడుతుంది. ఒకదాన్ని అలాగే తోమాను. ఐదు నిమిషాల్లో నల్లటి ఆకుపచ్చ పొర పోయి, గులాబీ రంగు రాగి బయటపడింది. ఆ పొరతో పాటే జూలియన్ ముఖం మీది గడ్డం, టంకశాల గుర్తు కూడా పోయాయి. అది నా పెట్టెలో ఇప్పటికీ ఉంది, చీటీ మీద రాయడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

జరిగింది ఏమిటంటే, నేలలో ఇన్ని వందల ఏళ్ళున్న నాణెంలో పైపొర లోహం పూర్తిగా ఖనిజంగా మారిపోతుంది. అక్షరాలు ఉండేది ఆ పొరలోనే. దాన్నే పాటినా అంటారు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఏ పులుపైనా ఆ పొరనే తినేస్తుంది. కాబట్టి పులుపు వద్దు, లోహపు పాలిష్ వద్దు, ఇనుప పీచు వద్దు.

మట్టి ఉన్న నాణేనికి చేయాల్సింది ఓపిగ్గా నానబెట్టడమే. గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి అందులో వేయండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అవి పనికిరావు. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. వదలని మట్టిని వెదురు పుల్ల మొనతో, లూప్ కింద చూస్తూ, కొంచెం కొంచెం గీకండి. వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. అక్షరాలు చదవగలిగిన క్షణాన ఆపేయండి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్న చోటే నాణేలు పాడవుతాయి.

చిలుము ఎప్పుడు ప్రమాదం

గట్టిగా, నున్నగా ఉన్న ఆకుపచ్చ పొరతో ఏ ఇబ్బందీ లేదు. లేత ఆకుపచ్చ రంగులో, పుల్లతో తాకితే పొడిగా రాలే మచ్చలు కనిపిస్తే మాత్రం వెంటనే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. లోపలున్న క్లోరైడ్లు గాలిలో తేమతో కలిసి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం రాగిని తింటుంది, మళ్ళీ క్లోరైడ్ పుడుతుంది. తేమ ఉన్నంతకాలం అది ఆగదు.

కాకినాడలో మా ఇంట్లో ఒక వానాకాలం అంతా నాణేలు చెక్క బీరువాలో ఉంచాను. సెలవులకు వెళ్ళి తెరిచేసరికి ఆరు నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి. విశాఖ, మచిలీపట్నం, చెన్నై, సముద్రం దగ్గరున్న ఏ ఊరైనా ఇదే జరుగుతుంది.

వైద్యం ఇది. బట్టల సోడా, వంటసోడా సమంగా కలిపి, డిస్టిల్డ్ వాటర్‌లో 5 శాతం ద్రావణం చేయండి. చేతికి గ్లౌజులు వేసుకోండి. పొడి మచ్చను పుల్లతో గీకేసి, నాణేన్ని అందులో నానబెట్టి, వారానికోసారి ద్రావణం మార్చండి. నెల రోజులైనా పడుతుంది. ఆ తర్వాత మళ్ళీ కొన్ని రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచి, పూర్తిగా ఆరబెట్టండి. మ్యూజియంల వాళ్ళు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని పల్చగా రాస్తే తేమ చేరదు. మళ్ళీ మచ్చ వస్తుందేమో రెండు నెలలు విడిగా ఉంచి గమనించండి.

దాచడానికి పీవీసీ కవర్లు వద్దు. వాటి నుంచి వచ్చే జిడ్డు నాణెం మీద పచ్చటి మరకలు వేస్తుంది. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లు లేదా ఆమ్లం లేని కాగితపు కవర్లు తీసుకోండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, లోపల తేమ 40 శాతం దాటకుండా చూసుకోండి. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి డబ్బాలోనే పడేయండి.

చట్టం సంగతి

మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన నాణెం పురావస్తువే. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, మనం సొంతంగా దేశం బయటకి పంపకూడదు, తీసుకెళ్ళకూడదు. విదేశాల్లో ఉన్నవాళ్ళు సేకరణను ఇండియాకు తెచ్చే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, తెచ్చాక వెనక్కి తీసుకెళ్ళలేరు. పొలంలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెప్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 300 ఏళ్ళు దాటిన కంచు నాణేలు ఒకే చోట 10 గానీ, అంతకు మించి గానీ దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. టర్కీ నుంచి పాత నాణెం జేబులో వేసుకుని రావడం నేరం.

మన ఊళ్ళో రోమన్ నాణెం దొరికిందంటూ ఎవరైనా అమ్మజూపితే దూరంగా ఉండండి. తెలుగు నేల మీద రోమన్ నాణేలు దొరికిన మాట నిజమే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. కానీ మన దగ్గర దొరికినవి ఎక్కువగా తొలి శతాబ్దాల వెండి, బంగారం. ఈ చిన్న కంచు నాణేలు ఎక్కువగా దొరికింది తమిళనాట కరూర్, మదురై వైపు, శ్రీలంకలో. కాబట్టి అమ్మజూపినది నకిలీ అయినా కావచ్చు, చట్టం ప్రకారం ప్రభుత్వానికి చెందాల్సినదైనా కావచ్చు.

చీటీ రాయడం

ప్రతి నాణేనికి ఒక కాగితపు చీటీ రాయండి. చక్రవర్తి పేరు, బొమ్మ వైపు అక్షరాలు, బొరుసు వైపు అక్షరాలు, గీత కింద గుర్తు, ఊరు, కాలం, బరువు, వ్యాసం, గ్రంథమాల నంబరు, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారో. చదవలేని అక్షరం ఉన్న చోట చుక్క పెట్టండి, ఊహించి నింపకండి. నా సిజికస్ నాణెం చీటీ మీద కూడా మూడేళ్ళపాటు ఒక చుక్క ఉండేది. ఒక సాయంత్రం దీపాన్ని ఇంకొంచెం కిందకి వంచాను, అక్కడ 'ఎక్స్' అక్షరం అడ్డగీత కనిపించింది. చుక్క చెరిపి అక్షరం రాసుకున్నాను.